వీథిపిల్లికి శుశ్రూష

పిల్లిని పెంపుడు జంతువని పాఠ్యపుస్తకములలో చదువుకొందుము. కాని మన ఇండ్ల కప్పులమీదను, సంతలలోను తిరుగు పిల్లులలో అనేకములు మనుష్యుని స్పర్శ నెరుగనివి. అట్టి పిల్లి జబ్బుపడినచో దానికి సాయపడుట యెట్లు? మా పాఠశాలలో జరిగిన యొక చిన్న విషయమును ఆధారముగా గొని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

నేటి ఇంటిపిల్లికి మూలజాతి పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతముల అడవిపిల్లి. ధాన్యము నిలువజేయుట నేర్చిన రైతుల గాదెలకు ఎలుకలు చేరగా, ఎలుకలకై పిల్లులు చేరినవని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. సైప్రస్ ద్వీపములో సుమారు 9,500 ఏండ్లనాటి సమాధి యొకదానిలో మనుష్యుని చెంతనే పాతిపెట్టిన పిల్లి యస్థిపంజరము దొరకినట్లు 2004లో ప్రకటించిరి. స్నేహము ఇంత పాతదైనను, ప్రతి పిల్లికూనయు దానిని మొదటినుండి నేర్చుకొనవలసినదే. పుట్టిన రెండవ వారము మొదలు ఏడవ వారము వరకు మనుష్యుల చేతులలో మెలగిన కూన సులభముగా మచ్చికయగును. ఆ కాలము దాటిన పిమ్మట మనుష్యుడు దానికి శత్రువువలెనే తోచును.

మా వంటశాల వెనుక తిరుగు బూడిదరంగు చారల పిల్లి యిట్టిదే. ఇరుగుపొరుగు తమిళ సోదరులు “పూనై” యని పిలిచినను, మన పిల్లలు “పిల్లీ” యని పిలిచినను ఒకే తీరున పారిపోవుచుండెడిది. ధనుర్మాసపు చలిలో ఒక ఉదయమున అది ముక్కు కారుచు, కన్నులు పుసికట్టి, కట్టెల చాటున ముడుచుకొని యుండెను. చేప ముక్క నుంచినను తల యెత్తలేదు.

ఒక విద్యార్థి జాలిపడి యింటినుండి జ్వరపు మాత్ర తెచ్చెను. మరియొకడు పాలు తెచ్చెను. పశువైద్యుని అడుగగా రెండును వలదనెను. మనము వాడు పారాసెటమాల్ పిల్లికి విషము. దానిని విరిచి హరించు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. ఒక్క మాత్రయే ప్రాణము తీయవచ్చును. ఎదిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగక విరేచనములగును.

వైద్యుడు పిల్లిని తీసికొనిరమ్మనగా మేము తొందరపడి గోనెసంచితో పట్టబోయితిమి. ఇది మా తప్పు. పిల్లి గోడ దూకి పోయెను. మా ఉపాధ్యాయులలో ఒకరి ముంజేయి గీరుకొనిపోయెను. వెంటనే సబ్బుతోను ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆసుపత్రికి వెళ్లి వెఱ్ఱికుక్క వ్యాధి నిరోధపు సూదులు వేయించుకొనిరి. ఈ వ్యాధి పిల్లులవలనను రాగలదు. లక్షణములు బయటపడిన పిదప దాదాపు ఎవ్వరును బ్రదుకరు. కావున చిన్న గాటునైనను దాచరాదు.

రెండు దినములు పిల్లి కనబడలేదు. దాని ప్రాణమునకు మేమే హాని చేసితిమేమో యని పిల్లలు కుమిలిపోయిరి. మూడవ నాటి సాయంకాలము అది తిరిగి కట్టెల చాటునకు చేరెను. ఈసారి మూతగల వెదురుబుట్టలో వేడిచేసిన చేప నుంచి, దూరముగా తొలగితిమి. ముక్కు మూసికొనిపోయిన పిల్లికి వాసన తెలియదు. వాసన తెలియనిదే అది తినదు. కొన్ని దినములు తినకున్నచో కాలేయమున క్రొవ్వు పేరుకొని ప్రాణాపాయమగును. ఆహారమును గోరువెచ్చగా చేసినచో వాసన హెచ్చును. మరునాటి రాత్రి పిల్లి బుట్టలోనికి వెళ్లెను. మూత వేసి, పైన దుప్పటి కప్పితిమి; చీకటిలో పిల్లికి బెదురు తగ్గును.

అది వైరసులవలన వచ్చు జలుబనియు, పిల్లులలో ఒకదానినుండి మరియొకదానికి అంటుననియు, మనుష్యులకు అంటదనియు వైద్యుడు చెప్పెను. వైరసును వెంటాడి వచ్చు సూక్ష్మజీవులకై మందిచ్చెను. దానిని చేపలో కలిపి పెట్టుచు, పిల్లిని పది దినములు సామానుల గదిలో ఉంచితిమి.

ఆ పది దినములును విద్యార్థులు వంతులవారీగా ఒక్కొక్కరే వెళ్లి, నేలమీద కూర్చుండి, పాఠము మెల్లగా చదువుకొనుచుండిరి. పిల్లిని ముట్టరాదు, దానివైపు గ్రుడ్లప్పగించి చూడరాదు, దాని దారికి అడ్డు కూర్చుండరాదు. అది ఎంత దూరమున తినుచున్నదో రోజునకొక సుద్దగీత గీచిరి. మొదటి గీత పండ్రెండడుగులు. ఆఖరి గీత మూడడుగులు. పిల్లివైపు మెల్లగా కన్నులు మూసి తెరచినచో అదియు బదులుగా అట్లే చేయుననియు, అట్లు చేసిన క్రొత్తవారిని చేరుటకు ఎక్కువగా ఇష్టపడుననియు ఇంగ్లండులోని సస్సెక్స్ విశ్వవిద్యాలయమువారు 2020లో ప్రకటించిరి. ఎనిమిదవ నాడు మా పిల్లి ఒక బాలికకు అట్లు బదులిచ్చెను. ఆమె పరుగున వచ్చి ఆ మాట చెప్పినపుడు తరగతియంతయు సంతోషించెను.

స్వస్థత కలిగిన పిమ్మట దానికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించి, వంటశాల వెనుకనే విడిచితిమి. నేటికిని అది ఎవ్వరి ఒడిలోనికిని రాదు. మధ్యాహ్నము మూడడుగుల దూరమున కూర్చుండి, కన్నులు అరమోడ్చి చూచును. ఆ మూడడుగులు దాని నిర్ణయము. పిల్లికి బిచ్చము పెట్టనివాడని పిసినారిని మన పెద్దలు నిందించిరి. బిచ్చము పెట్టుట సులభమే. పెట్టి, చేయి చాపక కూర్చుండుట కష్టము. మా విద్యార్థులు ఆ కష్టమైన పాఠమును పది దినములలో నేర్చిరి.