వేలు తాకిందా, తాకినట్టు కనిపించిందా? – టచ్ స్క్రీన్ లెక్క



స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ఫీజు చెల్లింపులు, పరీక్ష ఫలితాలు అన్నీ ఇప్పుడు చేతిలోని ఫోను మీదే జరుగుతున్నాయి. తెర మీద వేలు పెడితే డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు వెళ్లిపోతుంది. ఇంత పనీ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. తెరకు తగిలింది నిజంగా మనిషి వేలేనా? లేక నీటి బొట్టా, చెంపా, చార్జరు నుంచి వచ్చిన విద్యుత్ అలజడా? ఫోను ఈ ప్రశ్నకు సెకనుకు ఎన్నోసార్లు జవాబు తేల్చుకుంటుంది. అది ఏ విధంగా తేల్చుకుంటుందో ఈ వ్యాసంలో చూద్దాం. నేను కామర్స్ చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. కాబట్టి భౌతికశాస్త్రం అవసరమైనంత వరకే చెప్పి, మిగతాది లెక్కల పద్ధతిలో వివరిస్తాను.

తెర కింద ఏముంది?

రెండు వాహకాల మధ్య విద్యుత్తు ప్రవహించని పదార్థం ఉంటే ఆ జతను కెపాసిటర్ అంటారు. అది విద్యుదావేశాన్ని నిల్వ ఉంచుకుంటుంది. ఒక్కో వోల్టుకు ఎంత ఆవేశం నిలుస్తుందో తెలిపే కొలతే కెపాసిటెన్స్.

ఫోను అద్దం కింద ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి పారదర్శక వాహకంతో చేసిన సన్నని పట్టీలు ఉంటాయి. కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా ఉంటాయి, ఒకదానికొకటి తగలవు. అడ్డు పట్టీని నిలువు పట్టీ దాటే ప్రతిచోటా ఒక చిన్న కెపాసిటర్ ఏర్పడుతుంది. అంటే తెర మొత్తం లెడ్జర్ పేజీలాగా గళ్లు గళ్లుగా ఉంటుందన్నమాట.

మన శరీరంలో నీరు, లవణాలు ఉన్నందువల్ల అదీ విద్యుద్వాహకమే. వేలు దగ్గరకు రాగానే ఆ రెండు పట్టీల మధ్య ఉన్న విద్యుత్ క్షేత్రంలో కొంత భాగం వేలివైపు మళ్లుతుంది. దానితో ఆ గడిలో కెపాసిటెన్స్ తగ్గుతుంది. తగ్గేది చాలా స్వల్పం, ఒక పికోఫారడ్‌లో కొంత భాగం మాత్రమే. ఫారడ్‌లో లక్ష కోట్లవ వంతును పికోఫారడ్ అంటారు. ఇంత చిన్న తేడాను పట్టుకోవాలి కనుకనే పొరపాటుకు అవకాశం ఉంది.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులోని మాల్వెర్న్‌లో రాయల్ రాడార్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసిన ఇ.ఎ. జాన్సన్ కెపాసిటివ్ టచ్ తెర గురించి 1965లోనే ప్రచురించారు. 1970లలో జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనాశాలలో బెంట్ స్టంప్ యంత్రాల నియంత్రణ గదికోసం ఇటువంటి తెర రూపొందించారు. 2007లో ఐఫోన్ వచ్చిన తరువాత ఇది ఇంటింటికీ చేరింది.

మొదటి మెట్టు: ప్రారంభ నిల్వ

ఏ ఖాతాలోనైనా ఓపెనింగ్ బ్యాలెన్స్ తెలియకపోతే తేడా తేలదు. తెరను ఎవరూ తాకనప్పుడు ప్రతి గడిలో ఎంత విలువ ఉందో ఫోను ముందుగా రాసిపెట్టుకుంటుంది. తరువాత ప్రతిసారీ కొలిచిన విలువను దానితో పోల్చి తేడా చూస్తుంది.

అయితే ఎండ, చలి, తేమలను బట్టి ఈ నిల్వ మెల్లగా మారుతూ ఉంటుంది. అందుచేత తాకిడి లేని సమయంలో ఫోను ఆ అంకెను కొద్దికొద్దిగా సవరించుకుంటుంది. మెల్లగా వచ్చే మార్పు వాతావరణానిది, చటుక్కున వచ్చే మార్పు వేలిది. ఇదే మొదటి సూత్రం. వేలు తెర మీద ఉండగానే ప్రారంభ నిల్వ రాసుకుంటే లెక్క తలకిందులవుతుంది. కాబట్టి ఫోను ఆన్ చేసేటప్పుడు తెర మీద వేళ్లు పెట్టకపోవడం మంచి అలవాటు.

రెండో మెట్టు: హద్దు

ఎంత తేడా వస్తే తాకిడి అనాలి? ఇక్కడ రెండు రకాల పొరపాట్లు ఉన్నాయి. నకిలీ సంతకం ఉన్న చెక్కుకు డబ్బివ్వడం ఒకటి, అసలు సంతకం ఉన్న చెక్కును తిప్పి పంపడం రెండోది. హద్దు తక్కువ పెడితే లేని తాకిడి నమోదవుతుంది. హద్దు ఎక్కువ పెడితే ఉన్న తాకిడి పోతుంది. ఒకదాన్ని పూర్తిగా పోగొట్టాలని చూస్తే రెండోది పెరుగుతుంది. అందుకని ఒక్క హద్దును నమ్ముకోకుండా మూడు నియమాలు కలిపి వాడతారు.

1. తేడా 30 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి.
2. అది వరుసగా మూడు కొలతల్లో కనిపించాలి.
3. ఒకసారి తాకిడి అని తేలాక, తేడా 20 కంటే తగ్గితేనే వేలు తీసినట్టు లెక్క.

ఈ అంకెలు మన పాఠం కోసం అనుకున్నవే. ఒక్కో తయారీదారు ఒక్కో అంకె పెట్టుకుంటారు.

లెక్క చేసి చూద్దాం

ఒక గడి ప్రారంభ నిల్వ 500 అనుకుందాం. పది కొలతలు ఇలా వచ్చాయి:

498, 461, 499, 468, 452, 446, 449, 474, 467, 492

500 నుంచి ఒక్కొక్కటీ తీసివేస్తే తేడాలు:

2, 39, 1, 32, 48, 54, 51, 26, 33, 8

కేవలం 30 హద్దు మాత్రమే పెట్టుకుంటే రెండో కొలతలో ఒక తాకిడి, నాలుగు నుంచి ఏడు వరకు ఒకటి, తొమ్మిదిలో ఒకటి, మొత్తం మూడు తాకిడులు వస్తాయి. మీరు ఒక్కసారి తాకితే ఫోను మూడుసార్లు అనుకుంటుంది.

ఇప్పుడు మూడు నియమాలూ పెట్టి చూడండి. రెండో కొలతలో వచ్చిన 39 ఒంటరిది, వెంటనే 1కి పడిపోయింది. అది అలజడి, కొట్టివేయాలి. 32, 48, 54 వరుసగా వచ్చాయి కనుక ఆరో కొలత దగ్గర తాకిడి ఖాయమైంది. ఎనిమిదిలో 26కి తగ్గినా 20 కంటే ఎక్కువే కాబట్టి వేలు ఇంకా ఉన్నట్టే. పదోదానిలో 8కి వచ్చింది, వేలు తీశారు. మొత్తం ఒకే తాకిడి. సెకనుకు 100 కొలతలు అనుకుంటే మూడు కొలతలకు పట్టేది సెకనులో నూటికి మూడు వంతులు. ఆ ఆలస్యం మనకు తెలియనే తెలియదు.

రెండు వేళ్లు, నాలుగు చుక్కలు

10 అడ్డు పట్టీలు, 16 నిలువు పట్టీలు ఉన్న తెరను తీసుకోండి. ఒక్కో పట్టీని విడిగా కొలిస్తే 26 కొలతలు చాలు. కాని రెండు వేళ్లు పెడితే చిక్కు వస్తుంది. 2, 5 అడ్డువరుసల్లోనూ, 3, 7 నిలువువరుసల్లోనూ తేడా కనిపించిందనుకోండి. వేళ్లు 2-3, 5-7 గళ్లలో ఉండవచ్చు. 2-7, 5-3 గళ్లలోనూ ఉండవచ్చు. అడ్డు మొత్తాలు, నిలువు మొత్తాలు మాత్రమే ఇచ్చి లోపలి అంకెలు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు కదా! లేని ఆ రెండు చుక్కలను దెయ్యపు చుక్కలు అనవచ్చు. అందువల్లనే నేటి ఫోన్లు 160 గళ్లనూ దేనికది కొలుస్తాయి.

నీరు, అరచెయ్యి, చార్జరు

విడి నీటి బొట్టు సాధారణంగా ఆ గడి కెపాసిటెన్స్‌ను పెంచుతుంది. వేలు తగ్గిస్తుంది. తేడా గుర్తు, అంటే ప్లస్సా మైనస్సా అన్నది, చూసి వేరుచేయవచ్చు. కాని నీరు పొరలా పరుచుకున్నా, చెమటలాగా ఉప్పు కలిసినా ఈ లెక్క కష్టమవుతుంది.

అరచెయ్యి లేక చెంప తగిలితే ఒకేసారి చాలా గళ్లు మారతాయి. వేలికొన అంత స్థలం ఆక్రమించదు. అందుకని మరీ పెద్ద మచ్చను ఫోను లెక్కలోకి తీసుకోదు.

నాసిరకం చార్జరు సంగతి వేరు. దాని అలజడి వేలు ఆనించిన చోటు నుంచే ఎక్కువగా లోపలికి దూరి, అదే పట్టీ వెంట వేరే గళ్లలో కూడా తప్పుడు తేడాలు పుట్టిస్తుంది. ఫోను కొలిచే ఫ్రీక్వెన్సీ మార్చి తప్పించుకోజూస్తుంది, కాని ప్రతిసారీ కుదరదు. చార్జరు తీయగానే తెర కుదుటపడితే దోషం చార్జరుదే అనుకోవచ్చు. తెర భాగమే చెడిపోయే సందర్భాలూ ఉన్నాయి. కొన్ని ఐఫోన్ టెన్ ఫోన్లలో తాకకుండానే తెర స్పందిస్తోందని ఆపిల్ సంస్థ 2018 నవంబరులో ప్రకటించి, వాటికి ఉచితంగా తెర మార్చి ఇచ్చింది.

తల్లిదండ్రులకు, పిల్లలకు మనవి

ఇంట్లో అవ్వగారో తాతగారో తెర మీద పదేపదే వేలు పెట్టినా పలకకపోతే, "నీకు రాదులే, ఇటివ్వు" అని ఫోను లాక్కోవడం చూస్తుంటాం. ఎండిన చర్మం, పనిచేసి కాయలు కాచిన వేళ్లు, వేలి కొసతో మాత్రమే తాకడం, వీటివల్ల తేడా చిన్నదవుతుంది. అసలు సంతకాన్ని తిప్పి పంపినట్టే, హద్దు వారి వేలిని తిప్పి పంపుతోంది. అది వారి తెలివికి సంబంధించిన విషయం కాదు. డబ్బు వ్యవహారం ఇతరుల చేతిలో పెట్టవలసి వస్తే నష్టపోయేది వారే. కాబట్టి ఈ కింది జాగ్రత్తలు పాటించండి.

– వేలి కొసతో కాక మెత్తని భాగంతో తాకమని చెప్పండి. గట్టిగా నొక్కితే లాభం లేదు. ఎక్కువసేపు అదిమిపెడితే అది వేరే ఆజ్ఞ అవుతుంది.
– చేయి వణికేవారికి, ఎంతసేపు తాకితే లెక్కలోకి రావాలో యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మార్చే వీలు చాలా ఫోన్లలో ఉంది.
– మందపాటి అద్దపు కవరు అంటించాక తెర మొండికేస్తే, అది తీసి చూడండి.
– డబ్బు చెల్లించేటప్పుడు, దరఖాస్తు పంపేటప్పుడు తెరనూ చేతినీ పొడిగా తుడుచుకోండి. తెర తనంతట తాను కదులుతుంటే చార్జరు తీసేయండి. అప్పటికీ ఆగకపోతే ఆ ఫోనులో చెల్లింపు చేయవద్దు.
– పిన్ కొట్టేముందు పేరు, మొత్తం రెండూ పైకి చదవండి. దరఖాస్తులో పుట్టిన తేదీ, ఖాతా నంబరు పంపేముందు మరొకరిచేత సరిచూపించండి. బ్యాంకులో ఒకరు రాసిన వోచరును రెండోవారు చూసి సంతకం పెట్టేది ఇందుకే.

విద్యార్థులకు అభ్యాసం

పై పది తేడాలనే తీసుకోండి.

1. మొదటి హద్దును 30 బదులు 50 చేసి, మిగతా రెండు నియమాలు అలాగే ఉంచితే ఎన్ని తాకిడులు నమోదవుతాయి?
2. మొదటి, మూడో నియమాలు ఉంచి, వరుసగా మూడు కొలతలు అన్న నియమం తీసేస్తే ఎన్ని?

జవాబులు: 1. ఒక్కటీ నమోదు కాదు. 54, 51 రెండే హద్దు దాటాయి, మూడోది లేదు. నిజమైన వేలు పోయింది. 2. రెండు. రెండో కొలతలోని అలజడి ఒకటి, నాలుగు నుంచి తొమ్మిది వరకు ఉన్న అసలు తాకిడి ఒకటి.

మొదటి జవాబును ఇంట్లో పెద్దవారికి కూడా చూపించండి.