మట్టెవాడ డాబాల మీద మెష్ నెట్‌వర్క్: చేయవలసినవి, చేయకూడనివి

ఇంటర్నెట్‌ను ఒక చోట తీసుకుని, చుట్టుపక్కల డాబాల మీద పెట్టిన రౌటర్ల ద్వారా గాలిలోనే ఇంటి నుంచి ఇంటికి అందిస్తూ వాడంతటికీ చేర్చే ఏర్పాటును మెష్ నెట్‌వర్క్ అంటారు. మధ్యలో ఒక రౌటర్ ఆగిపోయినా సమాచారం పక్క డాబా మీదుగా దారి వెతుక్కుంటుంది. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో మొదలైన గుయిఫి నెట్ ఇలా పెరిగిందే. న్యూయార్క్‌లోని రెడ్ హుక్ వాడలో 2012 శాండీ తుపాను తర్వాత జనానికి అక్కరకొచ్చిందీ ఇలాంటి నెట్‌వర్కే. మనవైపు పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో, ఎత్తైన టవర్ల మీద వైఫై పరికరాలు పెట్టి పల్లెలను కలిపింది.

వరంగల్‌లోని మట్టెవాడకు ఈ ఆలోచన పనికొస్తుందని నా నమ్మకం. 2023 జులై చివర్లో కురిసిన వానలకు పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అలాంటి రోజున పక్క గల్లీ క్షేమ సమాచారం తెలియడమే పెద్ద సాయం. అయితే ఒక తేడాను ముందే గుర్తించాలి. కంపెనీ మనిషి డాబా ఎక్కితే అతనికి బెల్టు, శిక్షణ, బీమా ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీది. మన నెట్‌వర్క్ కోసం ఎక్కేది మన వాడ కుర్రాళ్ళు. ఆ బాధ్యత మొత్తం మనమీదే పడుతుంది. వైఫై రేడియో బలం మహా అయితే ఒక వాట్. దాని వల్ల ప్రాణాపాయం లేదు. ప్రాణాలు తీసేవి కరెంటు తీగ, పిట్టగోడ, పిడుగు.

కరెంటు తీగల దగ్గర

పాత వాడల్లో గల్లీలు ఇరుకు. ఇళ్ళు ఏటికేడు ముందుకు జరిగాయి, స్తంభాలు మాత్రం పాతిన చోటే ఉన్నాయి. అందుకే రౌటర్ కొనకముందే, పట్టపగలు డాబా మీదికి వెళ్ళి చుట్టూ ఉన్న ప్రతి తీగనూ చూసి కాగితం మీద గీసుకోవాలి. ఇంటికి వచ్చే సర్వీసు వైరు, వీధి తీగలు, 11 కేవీ లైను, ట్రాన్స్‌ఫార్మర్ ఎటువైపు ఉన్నాయో అందులో కనబడాలి.

విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం మామూలు వీధి లైనుకూ భవనానికీ మధ్య పక్కకు 1.2 మీటర్లు, పైకి 2.5 మీటర్ల ఖాళీ ఉండాలి. 11 కేవీ లైనైతే పక్కకు 1.2, పైకి 3.7 మీటర్లు. ఇవి ఇల్లు కట్టేవాళ్ళకు చెప్పిన కనీస దూరాలు. రౌటర్ కోసం ఇనుప పైపు నిలబెట్టేవాళ్ళకు ఇవి చాలవు. చేయి జారితే పైపు ఏ వైపైనా పడవచ్చు, ఎటు పడినా తీగకు తగలకూడదు. కాబట్టి పైపు పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో ఏ తీగా లేని చోటే ఎంచుకోవాలి. 3 మీటర్ల పైపుకు నాలుగున్నర మీటర్లు. అంత చోటు లేని డాబాను వదిలేయండి. నోడ్‌ను, అంటే పైపు మీది రౌటర్‌ను, ఇంకో ఇంటి మీద పెట్టుకోవచ్చు.

అల్యూమినియం నిచ్చెన వద్దు, చెక్కదో ఫైబర్‌దో వాడండి. తీగకు తొడుగు ఉన్నట్టు కనిపించినా చేయి పెట్టొద్దు. తప్పనిసరిగా తీగకు దగ్గరలో పనిచేయాల్సి వస్తే విద్యుత్ సంస్థ సెక్షన్ ఆఫీసులో అడగండి. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నానని ఎదురుగా నిలబడి చెప్పే దాకా ఎవరూ పైకి ఎక్కకూడదు. 'ఇప్పుడు కరెంటు లేదు కదా, తొందరగా కానిచ్చేద్దాం' అనే మాట అసలు వినిపించకూడదు. పోయిన కరెంటు ఏ క్షణాన వస్తుందో ఎవరికీ తెలియదు. పక్కింటి ఇన్వర్టరో జనరేటరో తప్పుగా కలిపి ఉంటే ఆ తీగలోకి వెనక నుంచి కూడా కరెంటు వస్తుంది.

కరెంటు స్తంభానికి మన కేబుల్ కట్టనే కట్టకూడదు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు సోకి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాతే స్తంభాల మీద వేలాడే కేబుళ్ళను పెద్ద ఎత్తున తొలగించారు. ఆ వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది. మట్టెవాడలోనూ వినాయక చవితికి ఎత్తైన విగ్రహాలు కదులుతాయి, కర్రలతో తీగలు పైకెత్తుతారు. వీధికి అడ్డంగా వేలాడే కేబుల్ ఒక్కటి తెగి లైను మీద పడితే కింద నడిచే జనానికి షాక్ కొడుతుంది. మెష్‌లో అసలు మేలు ఇక్కడే ఉంది. గల్లీ దాటించాల్సింది రేడియో సంకేతాన్నే, తీగను కాదు. కేబుల్ అన్నది ఒకే ఇంటి డాబా మీది నుంచి అదే ఇంటి లోపలికి దిగేంత వరకే ఉండాలి.

వీధి దీపం నుంచి కరెంటు లాగడం విద్యుత్ చట్టం 2003 కింద దొంగతనం. అంతకు మించి, అలా తీసిన అతుకుకు ఫ్యూజూ ఉండదు, ఎంసీబీ ఉండదు.

ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టుకుని లాగొద్దు. ఇంట్లోని కరెంటైతే ముందు మెయిన్ ఆపి, ఆ తర్వాత 108కి ఫోన్ చేయండి. వీధి తీగైతే దగ్గరికే పోవద్దు. 1912కి చెప్పి లైను ఆపించండి, అంతదాకా ఎవరినీ అటు రానివ్వకండి.

డాబా ఎక్కేటప్పుడు

ఒంటరిగా ఎక్కకూడదు. ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు చూస్తూ ఉండాలి, ఆ రెండో మనిషి చేతిలో ఫోన్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు కింద చేసే పని ఎంతైనా ఉంది. రౌటర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడం, మ్యాపు గీయడం, పెద్దవాళ్ళ ఫోన్లు సరిచేయడం వాళ్ళకే బాగా వచ్చు.

పెంకుటింటి మీద నడవకూడదు. పాత వాసం లోపల పుచ్చిపోయి ఉన్నా పైకి తెలియదు. సిమెంటు రేకులూ అంతే, అడుగు పెట్టగానే పగులుతాయి. పిట్టగోడను కూడా నమ్మకండి. చాలా ఇళ్ళలో అది ఒకే వరుస ఇటుక. డిష్ యాంటెన్నా మీద గాలిదుమారం తోసే బలానికి పైపుతో పాటు గోడ కూడా వీధిలో పడుతుంది. మెట్ల గది గోడకు రెండు చోట్ల క్లాంపులు వేసి, గోడ లోపలి దాకా దిగే బోల్టులతో బిగించడం మేలు. పై అంతస్తు కోసం వదిలేసిన పిల్లర్ ఊచలకు తీగ చుట్టి పైపు నిలబెట్టేవాళ్ళున్నారు. తుప్పు పట్టిన ఊచ ఎంత బరువు మోస్తుందో ఎవరూ చెప్పలేరు. ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకుకు ఏదీ కట్టొద్దు.

అంచుకు దగ్గరలో పనంటే సేఫ్టీ బెల్టు పెట్టుకోవాల్సిందే. దాని తాడును పిల్లర్‌కో మెట్ల గది దిమ్మెకో కట్టాలి, మనం బిగిస్తున్న పైపుకు మాత్రం కట్టకూడదు. కింద గల్లీలో మనిషిని నిలబెట్టి దారి ఆపించండి, పైనుంచి జారిన స్పానర్ చాలు తల పగలడానికి. మే నెలలో పొద్దున తొమ్మిది లోపే పని ముగించాలి. ఓరుగల్లు ఎండలో డాబా మీద కళ్ళు తిరిగితే పట్టుకునే ఆధారం ఉండదు.

గుడి గోపురానికి, ధ్వజస్తంభానికి, మసీదు మినారుకు, ఎంత ఎత్తున్నా సరే, ఏమీ బిగించకండి. వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి వంటి కేంద్ర రక్షిత కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాతి మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. నెట్‌వర్క్ ఆ వైపు పెరిగితే ముందుగా పురావస్తు శాఖను అడగాలి.

పిడుగు, ఎర్తింగ్

పిడుగు నేరుగా యాంటెన్నా మీద పడనక్కర్లేదు. దగ్గర్లో పడినా చాలు, పొడవాటి కేబుల్‌లో ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీ పుట్టి ఇంట్లోకి దిగుతుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మబ్బు ఎంత త్వరగా కమ్ముతుందో మనకు తెలుసు. మొదటి ఉరుము వినిపించగానే డాబా దిగండి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్ళీ ఎక్కకండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ దగ్గరలో పడే పిడుగుల సమాచారం ఇస్తుంది. పనికి ముందు ఒకసారి చూసుకోండి.

ఎర్తింగ్ విషయంలో చాలామందికి ఉన్న ఒక అపోహ ప్రమాదకరమైంది. యాంటెన్నా పైపుకు వేరేగా ఒక ఎర్త్ గుంత తీసి, దాన్ని ఇంటి ఎర్త్‌తో కలపకుండా వదిలేస్తారు. పిడుగు పడినప్పుడు ఆ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. అది రౌటర్ గుండా, దాన్ని పట్టుకున్న మనిషి గుండా దారి చూసుకుంటుంది. గుంతలు ఎన్ని తీసినా వాటిని లావుపాటి రాగి తీగతో ఒకదానికొకటి కలపాలి. పైపు నుంచి దిగే ఎర్త్ తీగ వంకరలు లేకుండా, వీలైనంత పొట్టిగా నేలకు చేరాలి. నీళ్ళ పైపుకు, గ్యాస్ పైపుకు ఎర్త్ కలపకూడదు. ఇది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని. ఎర్త్ నిరోధాన్ని ఎర్త్ టెస్టర్‌తో కొలిచి అంకె రాసి ఇమ్మని అడగండి. 5 ఓంల లోపు ఉంటే మంచిది. వేసవిలో నేల ఎండితే ఆ అంకె పెరుగుతుంది, కాబట్టి గుంతలో నీళ్ళు పోస్తూ ఉండాలి.

కేబుల్ రెండు కొసలకూ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టండి. బయట వాడే షీల్డెడ్ కేబులే కొనండి, ఇంట్లో వాడేది మన ఎండకు రెండేళ్ళు తిరగకముందే పగులుతుంది. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట కిందికి ఒక వంపు వదిలితే వాన నీరు లోపలికి పోకుండా అక్కడే కారిపోతుంది.

బ్యాటరీ, కోతులు, మాంజా

తమిళనాడులోని తేనిలో అరవింద్ కంటి ఆసుపత్రి కోసం దూరపు వైఫై వేసిన బర్కిలీ పరిశోధకులు 2008లో తమ అనుభవాలు రాశారు. వాళ్ళను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది రేడియో కాదు, నాణ్యత లేని కరెంటు. మన దగ్గరా అంతే. ప్రతి నోడ్‌కూ ఎంసీబీ, ఆర్‌సీసీబీ, వోల్టేజీ హెచ్చుతగ్గులు తట్టుకునే ఏర్పాటు ఉండాలి. రౌటర్ 24 వోల్టులదో 48 వోల్టులదో చూసి దానికి తగిన అడాప్టరే పెట్టాలి.

నీళ్ళు పోసే ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. గాలి ఆడని గదిలో, పడకగదిలో, దీపారాధన చేసే చోట దాన్ని పెట్టకూడదు. పాత ల్యాప్‌టాప్ సెల్స్ విప్పి లిథియం ప్యాక్ తయారుచేసే ప్రయత్నం వద్దు, డాబా మీద ఎండలో మూసిన ఇనుప డబ్బాలో అసలే వద్దు. 2023లో నీళ్ళు ఎంత ఎత్తుకు వచ్చాయో గోడల మీది గుర్తులను బట్టి తెలుసుకుని, బ్యాటరీని దానికి పైనే పెట్టండి.

కోతులు కేబుల్ లాగుతాయి. జీఐ పైపులోనో గట్టి కాండ్యూట్‌లోనో వేయండి. ముళ్ళ తీగ, కరెంటు కంచె మాత్రం వేయకండి, ఆ డాబా మీదే పిల్లలు ఆడతారు. సంక్రాంతికి పైపు లాగుతీగలకు ఎర్ర గుడ్డలు కట్టండి. చిక్కుకున్న గాలిపటాన్ని తీయడానికి ఎవరినీ పైపు ఎక్కనివ్వకండి. చైనా మాంజా నిషేధమైనా ఇంకా కనిపిస్తుంది, చేతి తొడుగు లేకుండా దాన్ని ముట్టొద్దు.

చట్టం విషయంలో

2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో, 5 గిగాహెర్ట్జ్‌లో విశాలమైన భాగాన్ని 2018లో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి కేంద్రం వదిలింది. అయితే బలానికి హద్దు ఉంది. 2.4లో యాంటెన్నాతో కలిపి 4 వాట్లు దాటకూడదు. రౌటర్‌లో దేశం 'ఇండియా' అనే పెట్టండి. వేరే దేశం పేరు పెట్టి బలం పెంచుకునే కిటుకు నేరమే కాదు, రాడార్‌లకూ అడ్డు తగులుతుంది.

ఇంటికోసం తీసుకున్న కనెక్షన్‌ను వాడకు అమ్మకూడదు. డబ్బు తీసుకోకుండా పంచడాన్ని కూడా చాలా ఒప్పందాలు ఒప్పుకోవు. దీనికి చట్టబద్ధమైన దారి ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పబ్లిక్ వైఫై పథకంలో కిరాణా కొట్టు కూడా లైసెన్సు లేకుండా పబ్లిక్ డేటా ఆఫీసు కావచ్చు. వినియోగదారుల గుర్తింపు, లెక్కలు పైనున్న అగ్రిగేటర్ చూసుకుంటాడు. వాడ సంఘం ఒక అగ్రిగేటర్‌తో కలిసి నడవడం అన్నిటికంటే క్షేమం. ఎవరో చేసిన మోసానికి కనెక్షన్ ఉన్న ఇంటి తలుపు పోలీసులు తట్టే పరిస్థితి అప్పుడు చాలా వరకు తప్పుతుంది. అధికారులు ఇంటర్నెట్ నిలిపివేస్తే మెష్‌తో దాన్ని దాటించే పని పెట్టుకోవద్దు.

పాస్‌వర్డ్, నమ్మకం

రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంటే ఆ మనిషి ఊరెళ్ళిన రోజు నెట్‌వర్క్ అనాథ అవుతుంది. పదిమంది దగ్గర ఉంటే అది పాస్‌వర్డే కాదు. ఇద్దరి దగ్గర ఉండాలి, ఒక కాగితం మూసిన కవరులో సంఘం బీరువాలో ఉండాలి. డబ్ల్యూపీఏ2 కంటే తక్కువ భద్రత పెట్టొద్దు. ఒకరి ఫోన్ ఇంకొకరికి కనబడకుండా వేరుచేయండి.

ఎవరు ఏ సైటు చూశారో తొంగిచూసే అధికారం నిర్వాహకులకు లేదు. ఈ మాట రాసి అందరి ముందూ సంతకం చేయాలి. పక్కింటి ఆడపిల్ల ఎవరితో మాట్లాడుతుందో రౌటర్‌లో వెతికే మనిషి ఒక్కడున్నా ఈ నెట్‌వర్క్ వాడకు కీడే చేస్తుంది. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయిందని ఎవరైనా వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి.

వరద వచ్చిన రోజు

ఇంటర్నెట్ పోయినా వాడ లోపల సందేశాలు నడవాలంటే ఒక చిన్న సర్వర్ ఇక్కడే ఉండాలి, జూన్‌కు ముందే దాన్ని పరీక్షించాలి. బయటి కనెక్షన్ తీసేసి, ఎన్ని ఇళ్ళకు సందేశం చేరిందో చూడండి. వరద సమయంలో నోడ్ ఆగిపోతే ఆగిపోనివ్వండి, బాగుచేయడానికి డాబా ఎక్కొద్దు. కింది అంతస్తులోకి నీళ్ళు వస్తుంటే ఇన్వర్టర్‌నూ మెయిన్‌నూ ముందే ఆపండి. నీళ్ళలో నిలబడి స్విచ్ ముట్టుకోవద్దు. ఆపదలో మొదటి పిలుపు 112కే వెళ్ళాలి, మెష్ దానికి తోడు మాత్రమే.

ప్రతి నోడ్ మీద బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు, పెట్టిన తేదీ రాసిన రేకు ఉండాలి. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బోల్టులు, తుప్పు, ఎర్త్ తీగ చూసి రిజిస్టరులో రాయాలి. బాధ్యుడు ఇల్లు మారితే ఆ వారంలోనే ఇంకొకరి పేరు రాయండి. ఎవరూ ముందుకు రాకపోతే పరికరాన్ని, పైపును, కేబుల్‌ను పూర్తిగా దించేయండి. పాత బ్యాటరీని పాతసామాను బండికి వేయకుండా కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చి రసీదు తీసుకోండి.