ఫోను చెప్పే దారి, కర్ర చెప్పే అడుగు

చూపులేనివారికి దారి చెప్పే ఫోను మ్యాపుల గురించి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. దాదాపు అందరూ అడిగింది ఒక్కటే: ఫోను మాట ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: నాకు పుట్టుకతోనే చూపు లేదు. జనగామలో ఉంటున్నాను. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని, మ్యాపు చెప్పేది వింటూ చౌరస్తా దాకా బాగానే వస్తాను. బ్యాంకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తికమక మొదలవుతుంది. గమ్యం చేరుకున్నారని ఫోను అంటుంది. చెయ్యి చాపితే గోడ, కర్ర చాపితే మోరీ. ఒకసారైతే నేను రోడ్డుకు అవతలి పక్కన ఉన్నానని దారినపోయేవాళ్లు చెప్పారు. తప్పు ఫోనుదా, నాదా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: తప్పు మీది కాదు. ఫోను పాడైందనీ కాదు. దాని శక్తే అంత. పైన అడ్డమేమీ లేని బయలులో మామూలు స్మార్ట్‌ఫోను మనం ఉన్న చోటును సుమారు 5 మీటర్ల తేడాతో చెప్పగలదు. అంటే ఫోను చూపిన చోటు చుట్టూ 10 మీటర్ల వెడల్పున్న వలయంలో మీరు ఎక్కడైనా ఉండొచ్చు. మన ఊళ్లలో ఆ వలయంలో రోడ్డు, రెండు పక్కల మోరీలు, ఎదురెదురు దుకాణాల మెట్లు అన్నీ పట్టేస్తాయి. అందుకే మీరు ఏ రోడ్డు మీద ఉన్నారో ఫోనుకు తెలుస్తుంది కానీ, ఏ పక్కన ఉన్నారో తెలియదు.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటి సంకేతం ఎంతసేపట్లో అందిందో లెక్కగట్టి ఫోను మీ చోటును పోల్చుకుంటుంది. ఆ లెక్కలో సెకనులో వంద కోట్లవ వంతు తేడా వచ్చినా దూరంలో 30 సెంటీమీటర్ల తేడా పడుతుంది. మూడు నాలుగు అంతస్తుల మేడల మధ్య సంకేతం గోడలకు తగిలి, తిరిగి ఆలస్యంగా అందుతుంది. అప్పుడు పొరపాటు 10, 20 మీటర్లకు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువకు పెరుగుతుంది.

ఇది కాక ఇంకో పొరపాటు ఉంది. అది మ్యాపులోనే ఉంటుంది. బ్యాంకు గుర్తును ఎవరో భవనం వెనకవైపు పెట్టి ఉంటే, మ్యాపు ఆ గుర్తుకు దగ్గరగా ఉన్న రోడ్డుకు తీసుకెళ్లి, చేరుకున్నారని చెప్పేస్తుంది. అది వెనక గల్లీ కావొచ్చు.

ఈ రెంటిలో మీది ఏదో తేల్చుకోవడం తేలికే. వేరువేరు రోజుల్లో వెళ్లి చూడండి. ప్రతిసారీ ఒకే తప్పు చోట ఆపుతుంటే అది మ్యాపు గుర్తు తప్పు. రోజుకో చోట ఆపుతుంటే ఉపగ్రహ సంకేతం తప్పు. గుర్తు తప్పయితే, చూపున్న మిత్రుడి సాయంతో మ్యాపులోనే మార్పు సూచించండి. అంతకన్నా మంచి ఉపాయం: బ్యాంకు గేటు ముందు బయట నిలబడి, ఫోను చేతిలో పట్టుకుని ఒకటి రెండు నిమిషాలు ఆగి, ఆ చోటును మీ సొంత గుర్తుగా దాచుకోండి. సంకేతం తప్పయితే మాత్రం దిద్దడం మన చేతిలో లేదు. చివరి పది మీటర్లను కర్రకు, చెవులకు వదిలేయాలి. ఏటీఎం తలుపు తెరిచినప్పుడు తగిలే చల్లగాలి, ర్యాంపు అంచు, జనరేటరు చప్పుడు – మీ బ్యాంకుకు ఉన్న ఆనవాలేదో ఒకరిని వెంటబెట్టుకుని ఒకసారి పట్టుకోండి. అది ఫోను కన్నా నిక్కచ్చిగా ఉంటుంది.

ప్రశ్న: మా పాపకు చూపు లేదు. మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. ఫోను ఉంది కదా, ఒక్కదాన్నే కాలేజీకి పోతానంటోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బండ్ల మధ్య నడుస్తుంటే నా ప్రాణం నిలవడం లేదు. ఊరి మధ్యలో రైలు పట్టాలు కూడా ఉన్నాయి. పంపాలా, వద్దా?
– ఒక తల్లి, మహబూబాబాద్

జవాబు: పంపండి అమ్మా. కానీ ముందు మూడు సంగతులు పాపతో కలిసి కూర్చుని మాట్లాడండి.

మొదటిది చెవులు. చూపులేని మనిషికి రోడ్డు మీద చెవులే కళ్లు. రెండు చెవులూ మూసే ఇయర్‌ఫోన్లతో ఎప్పుడూ నడవకూడదు. చెవిలో దూర్చకుండా, చెవి ముందరి ఎముకకు ఆనించి పెట్టుకునే హెడ్‌ఫోన్లు దొరుకుతున్నాయి. వాటితో మ్యాపు మాటా వినిపిస్తుంది, ఆటో చప్పుడూ వినిపిస్తుంది. అవి కొనలేకపోతే ఫోనును మెడలో తగిలించుకుని స్పీకరు పెట్టుకున్నా చాలు.

రెండోది ఆలస్యం. మనం మామూలుగా నిమిషానికి 70 మీటర్ల దాకా నడుస్తాం. ఫోను తన చోటును పోల్చుకుని, ఒక వాక్యం చెప్పి ముగించేసరికి నాలుగు సెకన్లు పడితే, పాప నాలుగైదు మీటర్లు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. కాబట్టి కుడివైపు తిరగమని వినగానే తిరగకూడదు. సందు దగ్గరపడిందని మాత్రమే దానికి అర్థం. గోడ ఎక్కడ తెగిందో కర్రతో చూసుకుని, పక్క సందులోంచి గాలి, చప్పుడు వస్తున్నాయని నిర్ధారించుకున్నాకే తిరగాలి.

మూడోది పట్టాలు. కాజీపేట – విజయవాడ లైను మీ ఊరి గుండా పోతుంది. ఎప్పుడూ రైళ్ల రాకపోకలుండే దారి అది. పట్టాలు దాటే విషయంలో ఫోను మాట అసలు లెక్కలోకి తీసుకోవద్దు. ఐదు మీటర్ల పొరపాటులో పట్టాలకు ఇవతలా అవతలా రెండూ ఇమిడిపోతాయి. పైగా ఎత్తును పోల్చుకోవడంలో జీపీఎస్ ఇంకా బలహీనం. బ్రిడ్జి మీద ఉన్నామో, దాని కింద ఉన్నామో దానికి సరిగ్గా తెలియదు. ఆ కాస్త దూరం తోడుతోనే, మెట్ల బ్రిడ్జి మీదుగానే దాటాలన్నది ఇంటి నియమంగా పెట్టుకోండి.

ఇవి కుదిరాక, కాలేజీ దారిని ముందు ఫోను లేకుండా, తెలిసిన మనిషితో పాప కాళ్లకు అలవాటు చేయించండి. కర్రతో నడవడం ఒక విద్య. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పునరావాస విభాగం ఉంది. ఒకసారి తీసుకెళ్లి కర్ర నడక నేర్పించడం గురించి అడగండి. దారి తెలిసిన అమ్మాయికి ఫోను ధైర్యాన్నిస్తుంది. దారి తెలియని అమ్మాయికి అదే ఫోను అపాయం తెచ్చిపెట్టొచ్చు.

ప్రశ్న: సింగరేణిలో చేసి రిటైరయ్యాను. గ్లాకోమాతో చూపు పోయింది. హన్మకొండ ఆసుపత్రి నుంచి బస్సులో భూపాలపల్లికి తిరిగి వస్తుంటే, ఎక్కడిదాకా వచ్చామని పక్కవాళ్లను పదేపదే అడగాల్సి వస్తోంది. అడవి దారిలో సిగ్నల్ ఉండదు కదా, ఫోను పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: పెద్దాయనా, మీరు అడిగిన పనిలోనే ఈ ఫోను అన్నిటికన్నా బాగా అక్కరకొస్తుంది. నడిచే మనిషికి 5 మీటర్లు చాలా పెద్ద తేడా. బస్సులో కూర్చున్న మనిషికి 50 మీటర్లు తేడా వచ్చినా ఇబ్బంది లేదు. కిటికీ పక్కన కూర్చుని, ఫోను కిటికీకి దగ్గరగా పట్టుకోండి. పరకాల దాటిందా, రేగొండ వచ్చిందా, చెల్పూరు దగ్గరపడిందా అన్నది మీ అంతట మీరే తెలుసుకోవచ్చు.

సిగ్నల్ సంగతికి వస్తే, జీపీఎస్‌కు సిమ్‌తో గానీ డేటాతో గానీ పని లేదు. ఫోను ఉపగ్రహాల నుంచే సంకేతాన్ని నేరుగా అందుకుంటుంది. డేటా కావాల్సింది మ్యాపు బొమ్మకు. దాన్ని ఇంట్లో ఉన్నప్పుడే దించి పెట్టుకుంటే అడవిలోనూ పనిచేస్తుంది. ఓఎస్ఎమ్‌ఆండ్ లాంటి యాప్‌లు, ముందే దించుకున్న మ్యాపుతో, డేటా లేకుండానే నడక దారి కూడా చెబుతాయి. డేటా లేనప్పుడు జీపీఎస్ మొదట మిమ్మల్ని పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకోవచ్చు. బస్సు ఎక్కకముందే, బయట నిలబడి ఉన్నప్పుడే యాప్ తెరిచి ఉంచండి.

దిగాక మాత్రం జాగ్రత్త. ఉత్తరం వైపు నడవమని ఫోను చెబితే వెంటనే నడవొద్దు. నిలబడి ఉన్న మనిషి ముఖం ఎటు ఉందో జీపీఎస్‌కు తెలియదు. అప్పుడు ఫోను తన లోపలి దిక్సూచి మీద ఆధారపడుతుంది. పక్కన బస్సు ఇనుము ఉన్నా, ఫోను కవరులో అయస్కాంతం ఉన్నా ఆ దిక్సూచి తప్పు చూపిస్తుంది. బస్సు వెళ్లిపోయేదాకా ఆగండి. బండ్లు ఏ పక్క నుంచి ఏ పక్కకు పోతున్నాయో విని దిక్కు తేల్చుకుని, ఆ తర్వాతే అడుగు వేయండి. గనుల దగ్గర దారులు మారుతుంటాయి. మ్యాపులో పాత దారి అలాగే ఉండిపోవచ్చు. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద కొత్త దారిని ఒంటరిగా ప్రయత్నించవద్దు.

ప్రశ్న: కాస్త ఎక్కువ డబ్బు పెట్టి నావిక్ ఉన్న ఫోను కొంటే ఈ తేడా పోతుందా? డిజిపిన్ అని కొత్తగా వచ్చింది కదా, అది మాలాంటివాళ్లకు పనికొస్తుందా?
– ఒక విద్యార్థి, మహబూబాబాద్

జవాబు: తగ్గుతుంది, పోదు. ఒకప్పుడు ఈ తేడా ఇంకా పెద్దది. 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్‌ను కావాలనే మసకబార్చి ఉంచేది. పొరపాటు 100 మీటర్ల దాకా ఉండేది. ఆ అడ్డు తీసేశాకే నడిచే మనిషికి జీపీఎస్ అక్కరకొచ్చింది. ఇప్పటి ఫోన్లు అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా, ఐరోపా, చైనా ఉపగ్రహాలనూ వింటాయి. కొన్ని మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌నూ వింటాయి. మామూలు ఫోన్లు వాడే ఎల్1 తరంగంలో కూడా పలికే మొదటి నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01ను 2023 మే 29న శ్రీహరికోట నుంచి పంపారు.

కొనేటప్పుడు నావిక్ పేరు ఒక్కటే చూడొద్దు. ఎల్1, ఎల్5 రెండు తరంగాలనూ అందుకునే ఫోనేనా అని అడగండి. గోడలకు తగిలి వచ్చిన సంకేతాన్ని పక్కన పెట్టడంలో ఎల్5 మెరుగు. మేడల మధ్య తేడా తెలుస్తుంది. అయినా మోరీ ఎక్కడుందో అది కూడా చెప్పలేదు. చేతిలో డబ్బు కొంచెమే ఉంటే ముందు మంచి కర్ర కొనుక్కోండి. ఐఐటీ ఢిల్లీలో తయారై 2014లో వచ్చిన స్మార్ట్‌కేన్, మోకాలి నుంచి తల దాకా ఎదురొచ్చే అడ్డాలను వణుకుతో చెబుతుంది. వేలాడే ఫ్లెక్సీ, లారీ వెనక చెక్క లాంటివి దానికి తెలుస్తాయి. నేల మీది గుంతను మాత్రం కర్ర కొసే పట్టుకోవాలి.

డిజిపిన్‌ను తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి తయారుచేశాయి. 2025 మేలో అది వాడుకలోకి వచ్చింది. దేశాన్నంతటినీ సుమారు 4 మీటర్ల గడులుగా విడదీసి, ఒక్కో గడికి 10 అక్షరాల గుర్తు ఇచ్చారు. ఇంటి నంబర్లు సరిగా లేని మన ఊళ్లకు ఇది మేలే. ఒక స్నేహితుడి గడప ఎక్కడుందో పది అక్షరాల్లో పంపించుకోవచ్చు. అయితే గడి 4 మీటర్లు, మీ ఫోను పొరపాటు 5 మీటర్లు. చిరునామా సరిగ్గా ఉన్నా, మీరు ఆ గడిలోనే ఉన్నారని ఫోను ఖాయంగా చెప్పలేదు.

ప్రశ్న: జనగామలో కిరాణం నడుపుతున్నాను. ఫోను వింటూ కర్రతో వచ్చేవాళ్లు మా దుకాణం ముందు ఆగి వెతుక్కుంటూ ఉంటారు. ఎలా సాయం చేయాలి?
– ఒక దుకాణదారు, జనగామ

జవాబు: మీలా అడిగేవాళ్లే ఫోను వదిలేసిన ఆ చివరి పది మీటర్లను పూర్తి చేయగలరు. ముందు పలకరించండి. చెప్పకుండా చెయ్యి పట్టుకుని లాగవద్దు. తోడు కావాలంటే మీ మోచెయ్యి అందించండి, వాళ్లే పట్టుకుంటారు. "అటు పోండి, ఆ పక్కన" అంటే చూపులేనివారికి ఏమీ తెలియదు. "మీ కుడిచేతి వైపు ఆరడుగులు, తర్వాత రెండు మెట్లు" అని చెప్పండి. మ్యాపులో మీ దుకాణం గుర్తు సరిగ్గా గడప ముందే ఉందో లేదో ఇవాళే చూసి, తప్పుంటే సరిచేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, దుకాణం ముందరి నడకదారి. దాని మీద బండ్లు, బియ్యం బస్తాలు పెడితే మనిషి రోడ్డు మీదికి దిగాల్సి వస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం అందరికీ అందుబాటులో ఉండే దారులను హక్కుగా గుర్తించింది. అలాంటి అందుబాటు కోసం పెట్టిన ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదనీ, తప్పనిసరి చేయాలనీ 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చిన నివేదిక హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం తయారుచేసిందే. తీర్పు మన గల్లీ దాకా రావాలంటే మునిసిపాలిటీ మోరీలపై మూతలు వేయాలి, మనం దుకాణాల ముందు దారి వదలాలి.

ఆకాశంలో ఎన్ని ఉపగ్రహాలు పెరిగినా మూతలేని మోరీ గురించి అవి చెప్పవు. మీ వీధిలో అలాంటిది ఒక్కటైనా ఉంటే ఈ వారమే మునిసిపాలిటీకి రాసివ్వండి. మూత పడేదాకా వెంటపడండి.