తెలుస్తున్నది ఎవరికి?

చిరంజీవి బుజ్జమ్మకు, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. యోగా క్లాసులో చేరి ఏడాది కావస్తోందనీ, శీర్షాసనం కూడా వచ్చేసిందనీ, "నన్ను నేను తెలుసుకోవడం" మాత్రం ఇంకా తగల్లేదనీ రాశావు. ఆ దారిన తగలదమ్మా. పతంజలి యోగసూత్రాలు 195, కొన్ని ప్రతుల్లో 196. వాటిలో ఆసనం మీద ఉన్నవి మూడే. అవీ కదలకుండా హాయిగా కూర్చోవడం గురించే. శీర్షాసనం ఊసే లేదు. అలాగని ఆసనాలు మానెయ్యమనడం లేదు. నడుము నిలవనివాడికి ధ్యానమేం కుదురుతుంది!

పతంజలి లెక్కలో చూసేవాడు వేరు, కనబడేది వేరు. రెంటినీ కలిపేసి "నేను" అనుకోవడమే అస్మిత. మనిషిని బాధపెట్టే ఐదు క్లేశాల్లో అవిద్య తర్వాత దాన్నే చెప్పాడు.

రేపు పొద్దున్న కూర్చున్నప్పుడు గమనించు. కాసేపటికి మోకాలు సలుపుతుంది. అది ఒట్టి సలుపు. మరుక్షణం "అబ్బా, నా మోకాలు" అంటుంది మనసు. ఆ వెనకే "నాకసలు ఓపిక లేదు", ఆపైన "పక్కావిడ ఎంచక్కా కూర్చుంది, నా బతుకే ఇంత". చూశావా, మోకాట్లో పుట్టిన నొప్పి నాలుగు ఊపిర్లు తిరక్కుండా బతుకుదాకా పాకింది! కాలు మార్చుకో, తప్పేం లేదు. కానీ ఈ వరసంతా తెలుస్తున్నది ఎవరికి? ఆ తెలిసేదానికి మోకాలూ లేదు, ఓపిక లేదన్న దిగులూ లేదు. పట్టుకుందామని వెంటపడితే అదీ ఇంకో ఆలోచనే అవుతుంది. ఊరికే ఉండు.

సాధన చేస్తున్నా మెట్టు అందకపోవడాన్ని పతంజలి అలబ్ధభూమికత్వం అన్నాడు. జబ్బు, అనుమానం, సోమరితనం లాంటి తొమ్మిది అంతరాయాల్లో అదొకటి. నీది కొత్త బాధేం కాదు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చదు. సత్యం లాంటి యమ నియమాలు ఎగ్గొట్టి, యోగంలో మూడో అంగమైన ఆసనంతో మొదలెట్టడం. ఆఫీసులో అబద్ధమాడి వచ్చిన మనసు, కళ్ళు మూసుకున్నా దాన్ని కప్పెట్టే పనిలోనే ఉంటుంది.

సూరి నాగమ్మగారి 'శ్రీ రమణాశ్రమ లేఖలు' చదివావా? 1945 నుంచి తిరువణ్ణామలై ఆశ్రమంలో విన్నవీ కన్నవీ అన్నగారికి తెలుగులో రాసిందావిడ. రమణ మహర్షిది వేరే దారి. ఊపిరి నిలపడం మనసు నిలవడానికి సాయమే అంటూనే, తిన్నగా "నేనెవడను" అన్నదాన్ని పట్టుకోమన్నారు. సిద్ధాంతం కంటే అక్కడి ముచ్చట్లే నీకు ఎక్కువ నచ్చుతాయి. పండక్కి వచ్చినప్పుడు నా ప్రతి పట్టుకెళ్ళు. అట్ట ఊడింది, జాగ్రత్త.

ఇట్లు,
మీ పెదనాన్న