బండి మీ వాకిట్లో, పేరు ఎవరిది?

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. ఇంట్లో ఐదుగురం. ఎస్‌యూవీ కొందామనుకుంటున్నాం. పలమనేరులో కర్ణాటక నంబరుతో 2018 విటారా బ్రెజా డీజిల్ ఒకటి ఉంది, రేటు తక్కువ. తిరుపతిలో ఒక కన్సల్టెన్సీ వాళ్ల దగ్గర 2021 సోనెట్ పెట్రోల్ ఉంది. పిల్లలేమో అప్పు చేసైనా కొత్త వెన్యూనే తీసుకుందామంటున్నారు. చట్టపరంగా ఏది క్షేమం? ఏ కాగితాలు చూసుకోవాలి?

జవాబు: ఏది బాగా నడుస్తుందో మీకు నమ్మకమున్న మెకానిక్ చెప్పాలి. ఏది కొంటే రేపు కోర్టు మెట్లెక్కే పని తక్కువో నేను చెప్తాను. కాగితాలు సరిగ్గా ఉంటే సోనెట్ తీసుకోండి. బ్రెజా రేటు చూసి మనసు లాగుతుంటే, ఎన్‌వోసీ చేతికి వచ్చేదాకా చిన్న అడ్వాన్సుకు మించి పైసా ఇవ్వొద్దు. ఎందుకో వివరిస్తాను.

ముందు బండి తరం సంగతి చూద్దాం. కంపెనీల లెక్కలో తరం మారిందంటే ముందు గ్రిల్లు మారుతుంది, లోపల స్క్రీను పెద్దదవుతుంది. 2016 మార్చిలో డీజిల్ ఇంజినుతో వచ్చిన విటారా బ్రెజా 2020లో పెట్రోలుకు మారింది, 2022 జూన్‌లో 'విటారా' వదిలేసి ఒట్టి బ్రెజా అయింది. 2017లో వచ్చిన నెక్సాన్‌కు 2020లో ఒకసారి, 2023లో ఇంకోసారి ముఖం మార్చారు. 2019 మేలో మొదలైన వెన్యూ 2025 నవంబరులో రెండో తరానికి వచ్చింది. 2020 సెప్టెంబరులో వచ్చిన సోనెట్ పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో తయారయ్యే మన సీమ బండే.

చట్టం తరాలను ఇంకోలా లెక్కపెడుతుంది. 2019 ఏప్రిల్ నుంచి కార్లన్నిటికీ ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి. ఆ ఏడాది జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు, వెనక పార్కింగ్ సెన్సర్లు, సీటు బెల్టు హెచ్చరిక తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఇంజినే ఉండాలి. పక్క సీటు ఎయిర్‌బ్యాగు కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లకు ఆ ఏడాది చివరికల్లా తప్పనిసరి అయింది. అంతకు ముందు బండ్లలో ఇవి ఉండవని కాదు. కొన్ని కంపెనీలు ముందే ఇచ్చాయి, కొన్ని పై వేరియంట్లకే ఇచ్చాయి. కాబట్టి 2018 బ్రెజాలో ఏవి ఉన్నాయో వేరియంటు పేరుతో సహా చూసుకోవాలి. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. మీరు నమ్మాల్సింది దాన్నే. 'ఇరవై మోడల్' అని అమ్మేవాళ్లు చెప్పే మాటకు విలువ లేదు, 2019 డిసెంబరులో తయారై 2020 జనవరిలో రిజిస్టరైన బండ్లు బోలెడు.

ఇంకో తేడా కూడా ఉంది. తయారీ లోపం బయటపడితే ప్రభుత్వమే కంపెనీ చేత బండ్లను వెనక్కి పిలిపించే అధికారం 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 110-ఎ సెక్షనుగా చేరింది. తయారై ఏడేళ్లు దాటని బండ్లకే అది వర్తిస్తుంది. 2018 బండికి ఆ రక్షణ దాటిపోయినట్టే. సోనెట్‌కు ఇంకా ఉంది. ఛాసిస్ నంబరు కొడితే రీకాల్ ఉందో లేదో కంపెనీ వెబ్‌సైటే చెప్తుంది. పేరు ఎవరిదైనా ఆ మరమ్మతు ఉచితమే.

ఢిల్లీలో పదేళ్ల డీజిల్ బండ్ల మీద వచ్చిన ఆంక్షలు విని భయపడుతున్నారేమో. అవి దేశ రాజధాని ప్రాంతానికి సంబంధించినవి. మన దగ్గర సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. మన జిల్లాల్లో సెకండ్ హ్యాండ్ బేరం ఎలా ముగుస్తుందో అందరికీ తెలిసిందే. డబ్బు లెక్కపెట్టుకుంటారు, పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద తేదీ లేకుండా సంతకాలు పెడతారు, తాళాలు ఇచ్చేస్తారు. 'సంతకాలు చేసి ఇచ్చేసినాం కదా స్వామీ, ఇంకేం భయం' అంటారు. ఆ ఖాళీ ఫారాలు డ్యాష్‌బోర్డులోనే ఉండిపోతాయి. బండి రెండు చేతులు మారుతుంది, మూడు చేతులు మారుతుంది, ఆర్‌సీలో పేరు మాత్రం మొదటాయనదే.

మోటారు వాహనాల చట్టంలో 50వ సెక్షను సూటిగా చెప్తోంది. ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో తమ పేరుకు మార్చుకోవాలి. మార్చుకోకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2007లో ఒకాయన అమ్మేసిన కారు పలు చేతులు మారి 2009 మేలో ప్రమాదం చేసింది, ఒక ప్రాణం పోయింది. ఆర్‌సీలో పేరు మొదటాయనదే ఉంది. ఎప్పుడో అమ్మేశానని ఆయన వాదించాడు. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, నష్టపరిహారం ఆయనే కట్టాలని కోర్టు చెప్పింది. బాధితులు ఆర్‌సీలో లేని కొనుగోలుదారుల గొలుసును వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదన్నది ఆ తీర్పు సారం. కొన్నవాళ్ల నుంచి రాబట్టుకోవడం ఆ పాత యజమాని తిప్పలు.

ఈ విషయంలో తిరుపతి, చిత్తూరు వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ భయపడాలి. శేషాచలం కిందే ఉన్నాం కదా. ఎర్రచందనం దుంగలతో పట్టుబడే బండ్లలో కార్లు కూడా ఉంటాయి. డ్రైవరు చీకట్లో దిగి పారిపోతే, టాస్క్‌ఫోర్స్‌కైనా అటవీ శాఖకైనా మొదట దొరికేది నంబరు ప్లేటు, దాని వెనక ఆర్‌సీలో పేరు. నోటీసు వచ్చేది ఆ ఇంటికే. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 44వ సెక్షను కింద బండిని జప్తు చేయొచ్చు. తనకు తెలియకుండా వాడారని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని యజమాని నిరూపించుకుంటే బండి వదులుతారు. 'అమ్మేశాను, కాగితం లేదు' అనేవాళ్లు ఆ జాగ్రత్త తీసుకున్నట్టు ఎలా చూపిస్తారు? నన్నడిగితే సెకండ్ హ్యాండ్ బేరంలో కొనేవాళ్లకంటే అమ్మేవాళ్లకే ముప్పు ఎక్కువ. జనం దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

కొనేవాళ్లకూ నష్టం లేకపోలేదు. బీమా పాత యజమాని పేరు మీదే ఉంటే, ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి పాలసీ పనికొస్తుంది, మోటారు వాహనాల చట్టం 157వ సెక్షను అంతవరకే కాపాడుతుంది. మీ బండికి సొట్ట పడినా, దొంగతనమైనా కంపెనీ పైసా ఇవ్వననొచ్చు. 1995లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. కొన్న 14 రోజుల్లో పాలసీని మీ పేరుకు మార్చమని రాతపూర్వకంగా అడగండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు.

పలమనేరు బ్రెజా సంగతి. కర్ణాటక బండి మన రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే కొత్త రిజిస్ట్రేషన్ గుర్తు తీసుకోవాలి. అందుకు అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28లో ఎన్‌వోసీ రావాలి. దరఖాస్తు ఇచ్చిన 30 రోజుల్లో వాళ్లు ఇవ్వాలి, లేదా ఎందుకివ్వరో రాతగా చెప్పాలి. రెండూ చేయకపోతే ఇచ్చినట్టే అని 48వ సెక్షను అంటోంది. ఆ దరఖాస్తు పెట్టాల్సింది ఆర్‌సీలో ఉన్న యజమాని. బేరమాడుతున్న మనిషి, ఆర్‌సీలో పేరున్న మనిషి ఒకరేనా? బ్యాంకు అప్పు మీద కొన్న బండైతే బ్యాంకు క్లియరెన్సు, ఫారం 35 ఉన్నాయా? అక్కడి చలానాలు తేలాయా? ఇవన్నీ అయ్యాక ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాలి, బండి వయసును బట్టి తగ్గుతుంది. ఆ మొత్తం ఎంతో ఆర్‌టీఓ ఆఫీసులో అడిగి, బ్రెజా రేటుకు కలిపి చూడండి. పలమనేరులో 'అగ్గువ' అనిపించిన బేరం తరచూ ఇక్కడే కరిగిపోతుంది. వేలూరు నుంచి వచ్చే తమిళనాడు బండ్లకూ ఇదే లెక్క.

కన్సల్టెన్సీ దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: మీకు ఆర్‌టీఓ ఇచ్చిన ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉందా? 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్లు కొని అమ్మే డీలర్లకు అది ఉండాలి, ఐదేళ్లు చెల్లుతుంది. అలాంటి డీలరుకు బండి అప్పగించినట్టు ఫారం 29-సి ఆన్‌లైన్‌లో నమోదైతే, ఆ రోజు నుంచి బండి బాధ్యత డీలరుదే. మీరు సోనెట్ తీసుకుని మీ పాత బండిని అక్కడే వదిలేస్తే, 29-సి నమోదైందో లేదో చూడకుండా ఇంటికి రాకండి. డీలరు తన లాభం మీద 18 శాతం జీఎస్‌టీ కట్టాలి, 2025 జనవరి నుంచి ఇదే రేటు. మొత్తం ధర మీద 18 శాతం అడిగితే ఒప్పుకోవద్దు.

ఫాస్టాగ్ గురించి కూడా ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి తిరుమలకు వెళ్లే బండ్లకు ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. పాత యజమాని ట్యాగుతోనే అలిపిరి దాటేస్తున్న బండ్లు ఎన్నో. అమ్మినవాళ్లు ట్యాగు మూసేయాలి, కొన్నవాళ్లు తమ పేరున కొత్తది తీసుకోవాలి.

కొత్త వెన్యూకే మొగ్గితే చిక్కులు తక్కువే కానీ లేకపోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, 1200 సీసీ లోపు పెట్రోలు లేదా 1500 సీసీ లోపు డీజిల్ ఇంజినున్న కార్లకు జీఎస్‌టీ 18 శాతం. వెన్యూ ఈ లెక్కలో పడుతుంది. బ్రెజా పెట్రోలు ఇంజిను 1462 సీసీ కాబట్టి పేరుకు కాంపాక్టే అయినా దానికి 40 శాతం. 'హ్యాండ్లింగ్ చార్జీలు' అని బిల్లులో కనిపిస్తే ఏ సేవకు అని అడగండి. బీమా షోరూంలోనే తీసుకోవాలన్న నియమం లేదు.

కొత్త తరం రాగానే పాత తరం స్టాకును తగ్గింపుతో అమ్ముతారు. చెప్పి అమ్మితే తప్పు లేదు. గోవాలో ఒక కొనుగోలుదారు 2011 మోడల్ కారుకు డబ్బు కడితే, డీలరు 2009లో తయారై అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన బండి అంటగట్టాడు. ఆ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, డీలరు చేసిన పని తయారీదారుకు తెలుసన్న ఆధారం లేకుండా కంపెనీని బాధ్యుణ్ని చేయలేమంది. కాబట్టి తయారీ నెల, సంవత్సరం బుకింగ్ రసీదులోనే డీలరు చేత రాయించుకోండి. రేపు మీరు పట్టుకోవాల్సింది డీలరునే.

బండిలోనే లోపముంటే కంపెనీ తప్పించుకోలేదు. 2015లో కొన్న ఒక క్రెటా 2017 నవంబరులో ఢిల్లీ-పానిపట్ రోడ్డు మీద ప్రమాదానికి గురైంది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. తెరుచుకునేంత దెబ్బ తగల్లేదని హ్యుందాయ్ వాదించింది. ఢీకొన్న వేగం, బలం లెక్కలు కట్టడానికి కొనేవాళ్లు భౌతికశాస్త్ర పండితులు కానక్కర్లేదని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మూడు లక్షల పరిహారం, బండి మార్పిడి ఆదేశాలు నిలిచాయి.

మోసపోతే ఎక్కడికి వెళ్లాలి? షోరూం మీదైనా కన్సల్టెన్సీ మీదైనా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చిత్తూరులో ఒకటుంది, తిరుపతిలో ఒకటుంది. కారు చెన్నైలో కొన్నా మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన గొప్ప వెసులుబాటు ఇది. ఐదు లక్షల లోపు ధరకు ఫీజు లేదు, పది లక్షల దాకా 200 రూపాయలు, ఇరవై లక్షల దాకా 400. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ముందుగా 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించినా చాలాసార్లు షోరూం దిగివస్తుంది.

పలమనేరు బ్రెజా యజమాని మామూలు మనిషైతే ఈ కమిషన్ పనికిరాదు. ఆయన వ్యాపారి కాదు. మీటరు తిప్పి అమ్మాడనుకోండి, కాంట్రాక్టు చట్టం కింద సివిల్ కోర్టుకు, మోసం తేలితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద పోలీసుల దగ్గరికి వెళ్లాలి. రెండూ నిదానంగా నడిచే దారులే. సోనెట్ మేలని మొదటే చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఏది కొన్నా, డెలివరీ లెటరులో తేదీతో పాటు గంట, నిమిషం, మీటరు రీడింగు రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఆ సాయంత్రమే ఏదైనా జరిగితే బండి ఎవరి చేతిలో ఉందో ఆ కాగితమే చెప్తుంది.

పాఠకులందరికీ ఒక విన్నపం. ఎప్పుడో అమ్మేసిన బండి నంబరు గుర్తుంటే, ఎం-పరివాహన్ యాప్‌లో ఇవాళే కొట్టి చూడండి. యజమాని ఇంకా మీరేనని తేలితే, అమ్మిన తేదీ, కొన్నవాళ్ల వివరాలతో ఫారం 29ను ఆర్‌టీఓకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.