అత్తగారి వైద్యం వద్దంటే అలుగుతున్నారు

సమస్య

మాది తాడేపల్లిగూడెం. నేను బ్యాంకులో పనిచేస్తున్నాను. బాబుకి ఐదో నెల నడుస్తోంది. వచ్చే నెల మళ్ళీ డ్యూటీలో చేరాలి. మా పుట్టింటివాళ్ళు దూరంగా ఉంటారు కాబట్టి పగలంతా బాబుని మా అత్తగారే చూసుకోవాలి. ఆవిడ మంచి మనిషి. బాలింతగా ఉన్నప్పుడు నన్ను కాలు కింద పెట్టనివ్వలేదు. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఆవిడ నీళ్ళు పోస్తే, స్నానం అయ్యేసరికి వాడు నిద్రపోతాడు.

ఇబ్బందంతా వైద్యం దగ్గరే వస్తోంది. వస కొమ్ము కాల్చి, సానరాయి మీద అరగదీసి, తేనెలో కలిపి నాకిస్తున్నారు. మాటలు తొందరగా వస్తాయంటారు. కిందటి వారం వాడికి పడిశం పట్టింది. ముక్కు దిబ్బడ వేసి, పాలు తాగలేక ఏడుస్తుంటే కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాశారు. ముక్కులో నువ్వులనూనె చుక్కలు వేశారు. సాంబ్రాణి పొగ పట్టారు. డాక్టరుగారు ఇవేవీ చేయొద్దన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, "నా ముగ్గురు పిల్లలూ వీటితోనే పెరిగారు, నీ మొగుడితో సహా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మావారేమో "మీరూ మీరూ చూసుకోండి" అంటారు.

డాక్టరుగారిది అతి జాగ్రత్తా? ఇంటి వైద్యమంతా తప్పేనా? ఆవిడ మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి?

– ఒక తల్లి, తాడేపల్లిగూడెం

సలహా

మీ డాక్టరుగారిది అతి జాగ్రత్త కాదమ్మా. అలాగని ఇంటి వైద్యమంతా తప్పూ కాదు. ఏడాదిలోపు బిడ్డ విషయంలో మాత్రం ఒక గీత గీసుకోండి. నోట్లోకి, ముక్కులోకి, చెవిలోకి, కంట్లోకి, ఊపిరిలోకి వెళ్ళేది ఏదైనా సరే, డాక్టరు చెబితేనే. ఒంటిపైన చేసే సేవ, ఎత్తుకోవడం, జోకొట్టడం, ఆడించడం అత్తగారి ఇష్టం. కర్పూరం ఒంటికే రాస్తాం కదా అనకండి. అది చర్మంలోంచీ, వాసనతోపాటు ఊపిరిలోంచీ లోపలికి వెళుతుంది. పసిపిల్లలకు ఫిట్స్ తెప్పించగలదు. రెండేళ్ళు నిండేదాకా కర్పూరం నూనె, జలుబుకు రాసే బామ్‌లు వాడొద్దు.

తేనె సంగతి వెంటనే తేల్చుకోవాలి. తేనెలో ఒక్కోసారి బోట్యులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలుంటాయి. పెద్దవాళ్ళ పేగులు వాటిని ఎదగనివ్వవు. ఏడాదిలోపు బిడ్డ పేగులకు ఆ శక్తి ఉండదు. అడవి తేనె అయినా, కాచిన తేనె అయినా ఇంతే. ఇన్నాళ్ళూ నాకించామని భయపడిపోకండి. తేనె తిన్న ప్రతి బిడ్డకూ ఆ జబ్బు రాదు. కానీ ఈరోజుతో ఆపేయండి. మలబద్ధకం మొదలై, ఏడుపు సన్నగిల్లి, పాలు పీల్చలేక, మెడ నిలపలేక వాలిపోతుంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి, తేనె పెట్టిన సంగతి చెప్పండి.

వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువులపై చేసిన పరీక్షల్లో అది క్యాన్సరు కలిగించడంతో అమెరికా 1968లోనే వసను ఆహార పదార్థాల్లో నిషేధించింది. పిల్లలకు మాటలు పెద్దవాళ్ళ మాటలు విని వస్తాయి. రోజంతా వాడితో కబుర్లు చెప్పే నానమ్మ దొరకడం వాడి అదృష్టం, ఆ మాట ఆవిడతో చెప్పండి. ముక్కులో వేసిన నూనె జారి ఊపిరితిత్తుల్లో చేరితే నిమ్ము చేస్తుంది. సాంబ్రాణి పొగ అసలే దిబ్బడ వేసిన ముక్కును ఇంకా రేపుతుంది.

మరి పడిశానికి ఏం చేయాలి? మందుల షాపులో పసిపిల్లల సెలైన్ చుక్కలు దొరుకుతాయి. డాక్టరుగారిని అడిగి, పాలు పట్టే ముందు ఒక్కో ముక్కు రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేయండి. పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి. భుజాన నిలువుగా ఎత్తుకోండి. మామూలు పడిశం వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. దగ్గు సిరప్‌లు కూడా వద్దు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది. ఈ సంగతి అత్తగారికి తప్పక చెప్పండి. ఆవిడ మందునే కాదు, షాపు మందునూ వద్దంటున్నామని తెలిస్తే ఆవిడకు చిన్నతనం అనిపించదు.

ప్రమాదం ఎప్పుడో గుర్తుపట్టడం ఆవిడకు నేర్పండి. వాడు నిద్రపోతున్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. ఈ వయసులో నిమిషానికి 50 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు పూర్తిగా మానేసినా, లేపితే లేవకుండా మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఇంట్లో ఏ వైద్యమూ చేయకూడదు, నేరుగా ఆసుపత్రికే.

"నా పిల్లలు పెరగలేదా" అన్న మాటకు కోపంగా జవాబు చెప్పకండి. ఆ పిల్లలను ఆవిడ ప్రాణం పెట్టి పెంచారు. అయితే మన దేశంలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2023 నాటికి ఆ సంఖ్య 25కి దిగింది. టీకాలు, మంచినీళ్ళు, ఆసుపత్రి కాన్పులు, తిండి, ఇలా ఎన్నో కలిస్తే ఇది జరిగింది. ఆనాడు బిడ్డను పోగొట్టుకున్న ఇళ్ళల్లోనూ పెద్దవాళ్ళున్నారు, ప్రేమ ఉంది. లేనివల్లా ఇవాళ మనకున్న ఈ సదుపాయాలు, సమాచారం.

వంటింటి మందుకు వైద్యశాస్త్రం గౌరవం ఇవ్వకపోలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కొలతగా కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని బతికించారు. ఓఆర్ఎస్ అలా ప్రపంచమంతా పాకింది. కొలత చూసి, పరీక్షించి, వయసు తెలుసుకుని ఇస్తే వంటింటి సరుకూ మందే. మీ బాబుకి ఏడాది నిండాక దగ్గు వస్తే, రాత్రి పడుకునేముందు అర చెంచా తేనె ఇవ్వొచ్చు. అప్పుడు ఆ తేనె నానమ్మ చేత్తోనే పెట్టించండి.

అంతదాకా ఆవిడ చేయాల్సింది చాలా ఉంది. గట్టిగా రుద్దకుండా కొబ్బరినూనెతో ఒళ్ళు మర్దన చేయడం మంచిది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. మీరు పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు నాలుగు రోజుల వరకు పనికొస్తాయి. గిన్నెలో వేడినీళ్ళు పోసి అందులో సీసా ఉంచి గోరువెచ్చగా చేయాలి, పొయ్యి మీద కాచకూడదు. ఆరు నెలలు నిండాక ఉగ్గు మొదలుపెట్టాలి. బియ్యం, పెసరపప్పు వేయించి, విసిరి, మెత్తగా ఉడికించి, నెయ్యి వేసి పెట్టడంలో ఆవిడకు మించినవాళ్ళు మీ ఇంట్లో ఎవరుంటారు? ఏడాది దాకా ఉప్పూ పంచదారా మాత్రం వేయొద్దని చెప్పండి.

ఇక చెప్పడం ఎలాగంటే, ఈ మాట చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టుంటుంది, కొడుకు చెబితే ఇంటి నిర్ణయంలా ఉంటుంది. "మీరూ మీరూ చూసుకోండి" అని ఆయన తప్పుకుంటే కుదరదు, బిడ్డ ఆయనకూ బిడ్డే. ఈసారి డాక్టరు దగ్గరికి అత్తగారిని కూడా తీసుకెళ్ళండి. ఆవిడ సందేహాలు ఆవిడనే అడగనివ్వండి, జవాబు నేరుగా విననివ్వండి.

డ్యూటీలో చేరడానికి ఒక వారం ముందు నుంచే పగలు బాబును పూర్తిగా ఆవిడకు అప్పగించి, మీరు పక్క గదిలో ఉండండి. పాలు ఎలా పడుతున్నారో, ఎప్పుడు కంగారు పడుతున్నారో తెలుస్తుంది. ఆవిడకూ మీ నమ్మకం తెలుస్తుంది. ఆ వారంలో వచ్చే ప్రతి చిన్న సందేహాన్నీ ముగ్గురూ కూర్చుని అప్పటికప్పుడు తేల్చుకోండి. అప్పుడు మీరు నిశ్చింతగా ఉద్యోగానికి వెళ్ళొచ్చు.