ప్రార్థించినవారే పంపబడిరి
దుమ్ముగూడెం సంఘ చరిత్ర నుండి ఒక పాఠము

చదువవలసిన భాగము: మత్తయి 9:35–10:8

కోత యజమానుని వేడుకొనుడని ప్రభువు తన శిష్యులకు ఆజ్ఞాపించెను. పిమ్మట ఆ శిష్యులనే పిలిచి పంపెను. అధ్యాయ విభజన మూలగ్రంథములో లేదు గనుక ఈ రెండు సంగతులను కలిపి చదువుట యుక్తము. ప్రార్థించినవారే తమ ప్రార్థనకు ప్రత్యుత్తరమైరి.

గోదావరి తీరమున, బస్తరు అడవులకు చేరువనున్న దుమ్ముగూడెం సంఘము ఇందుకు సాక్షి. పందొమ్మిదవ శతాబ్దమున ఎగువ గోదావరిలో పడవలు నడుపుటకై అక్కడ ఆనకట్టయు లాకులును కట్టబడుచుండెను. ఆ పనులలోనున్న ఇంజనీరు కెప్టెన్ హేగ్, చుట్టునున్న కోయల కొరకు భారము కలిగి, వారికి బోధకుని దయచేయుమని దేవుని వేడుకొనెను. అట్టి బోధకుడు ఇంగ్లండు నుండియే ఓడనెక్కి రావలెనని ఎవరైనను తలంచెదరు. అయితే దేవుడు ఆ పనులలోనే ఉద్యోగిగా నుండిన ఐ. వెంకటరామరాజును పిలిచెను. ఆయన క్రీస్తును నమ్మి, ఉద్యోగము విడిచి, కోయలకు మొదటి బోధకుడాయెను. పిమ్మట గురువుగా అభిషేకము పొందెను.

తరువాత చర్చి మిషనరీ సొసైటీ మిషనరీయైన రెవరెండ్ జాన్ కెయిన్ అక్కడ దీర్ఘకాలము పరిచర్య చేసెను. తమ పితరులు కరవుచేతను కలహములచేతను బస్తరు పీఠభూమి నుండి దిగివచ్చిరని కోయలు చెప్పుకొనగా ఆయన విని వ్రాసియుంచెను. బోధించువాడు మొదట వినవలెను గదా!

1871లో నౌకాయాన పథకము మానివేయబడెను. సంఘమైతే నిలిచెను. అది తరువాత డోర్నకల్ అధ్యక్షఖండమున చేరి, 1947లో దక్షిణ ఇండియా సంఘమున భాగమాయెను.

ప్రియ చదువరీ, నేడు బస్తరులో కొన్ని గ్రామముల విశ్వాసులకు తమ మృతులను స్వగ్రామమున పాతిపెట్టుటకైనను చోటు దొరకుట లేదు. అట్టి వ్యాజ్యమొకటి 2025 జనవరిలో సుప్రీంకోర్టు వరకు వెళ్లెను. తుదకు ఆ భూస్థాపన వేరొక గ్రామపు క్రైస్తవ శ్మశానమున జరుగవలసి వచ్చెను. ఆ సహోదరుల కొరకు మన ఆలయములలో ప్రార్థించుచున్నాము. అది మంచిదే. కాని దుఃఖించు ఇంటికి వెళ్లి కూర్చుండువాడెవడు? వారి భాష నేర్చుకొనువాడెవడు? వారి పక్షమున పెద్దల యెదుట సౌమ్యముగా మాటలాడువాడెవడు? "ఎవరినైనను పంపుము" అని వేడుకొను పెదవులు "నేనున్నాను" అని పలుకుటకును సిద్ధపడవలెను.

ప్రార్థన: కోత యజమానుడవైన ప్రభువా, మేము అడిగిన పనివారు మాలోనే యున్నయెడల, మమ్మును దాగనియ్యకుము. ఆమేన్.